రెండు దెబ్బల్లో తేలిన బరువు

"సార్, న్యూట్రాన్‌కి ఛార్జ్ లేదంటారు. కంటికి కనిపించదంటారు. మరి దాని బరువు ఎవరు తూచారు?"

పోయిన నెల తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్న ఇది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. న్యూట్రాన్ అంటే పరమాణువు కేంద్రకంలో ప్రోటాన్ పక్కన ఉండే, ఛార్జ్ లేని కణం. మన పరీక్షల్లో అది ఒక్క మార్కు బిట్టు. కనుగొన్నది జేమ్స్ చాడ్విక్, సంవత్సరం 1932, అంతే. బిట్టు పేపర్‌లో టిక్కు పెట్టేశాక ఆ పేరు వెనక మనిషిని గానీ, ఆయన చేసిన లెక్కను గానీ ఎవరూ తలచుకోరు. ఆ లెక్క చేయడానికి తొమ్మిదో తరగతి చదువు చాలు.

ముందు మనిషి గురించి. చాడ్విక్ 1891లో ఇంగ్లండ్‌లోని బోలింగ్టన్‌లో పుట్టారు. నూలు మిల్లుల ఊరు, లేమి కుటుంబం. చిన్నప్పుడు అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగారు. మంచి స్కూల్లో స్కాలర్‌షిప్ వచ్చినా, కట్టాల్సిన కాస్త ఫీజు ఇంట్లో లేక చేరలేకపోయారు. 1908లో మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్లింది లెక్కలు చదువుదామని. పొరపాటున ఫిజిక్స్ వాళ్ల వరుసలో పడ్డారు. ప్రశ్నలు అడిగే లెక్చరర్‌తో "నాకు కావలసింది ఇది కాదండీ" అనడానికి నోరు రాలేదు. అంత బిడియం. ఆ పూట ఆయన నోరు విప్పి ఉంటే న్యూట్రాన్‌ని మరొకరు కనిపెట్టి ఉండేవారు. వరుస మారిన ఈ సంగతి ముసలితనంలో ఆయనే చెప్పుకున్నారు. క్లాసులో నోరెత్తని పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

మాంచెస్టర్‌లో గురువు, పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందని చెప్పిన రూథర్‌ఫర్డ్. తర్వాత 1913లో స్కాలర్‌షిప్ మీద జర్మన్ శాస్త్రవేత్త గైగర్ దగ్గర పనిచేయడానికి బెర్లిన్ వెళ్లారు. రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే బీటా కిరణాల్లోని ఎలక్ట్రాన్లు ఒకే శక్తితో కాకుండా, సున్నా నుంచి ఒక హద్దు వరకు అన్ని రకాల శక్తులతోనూ బయటికొస్తాయని 1914లో చూపించారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బ్రిటిష్ వాడు కాబట్టి జర్మన్లు ఆయన్ని బెర్లిన్ పక్కనే రూలెబెన్ శిబిరంలో పెట్టారు. అదొక గుర్రప్పందేల మైదానం. మనుషుల్ని ఉంచింది గుర్రాల కొట్టాల్లో. యుద్ధం అయ్యేదాకా అక్కడే.

ఆ కొట్టంలోనూ ప్రయోగాలు ఆపలేదు. అప్పట్లో జర్మనీలో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కలిపిన టూత్‌పేస్ట్ అమ్మేవారు. రేడియోధార్మికత ఒంటికి బలం, పళ్లకు తెలుపు అని జనం నమ్మకం. చాడ్విక్ ఆ పేస్ట్ తెప్పించుకుని, దాన్నే రేడియోధార్మిక పదార్థంగా వాడుకున్నారు. చెక్కముక్కలూ తగరపు రేకూ పెట్టి ఛార్జ్‌ని పసిగట్టే ఎలక్ట్రోస్కోప్‌ని సొంతంగా తయారు చేసుకున్నారు. చేతిలో ఉన్నది ఒకే పేస్ట్. జనం దాంతో పళ్లు తోముకున్నారు, ఆయన కొలతలు తీసుకున్నారు. ఇప్పుడు 'నెగెటివ్ అయాన్' లాకెట్లని అమ్ముతున్నవాటిలో కొన్నింట్లో కూడా థోరియం బయటపడింది. ఇలాంటివి మెడలో వేసుకుంటే ఆరోగ్యం వస్తుందని మీ ఇంట్లో ఎవరైనా కొంటే, దయచేసి తీయించండి.

మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి, హిమాలయాల్లో యోగసాధన చేసి, స్వామి జ్ఞానానంద అయ్యారు. తర్వాత యూరప్ వెళ్లి ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేశారు. అక్కణ్నుంచి లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర చేరి పనిచేసింది పైన చెప్పిన బీటా కిరణాల వర్ణపటం (వాటి శక్తుల పంపకం) మీదే. తిరిగొచ్చాక విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగానికి పునాది వేసింది ఆయనే.

ఇక అసలు లెక్క. రేడియోధార్మిక మూలకం పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు (హీలియం కేంద్రకాలు) బెరీలియం అనే లోహపు రేకును కొడితే, అవతలి వైపు ఏదో వస్తోంది. చాడ్విక్ 2 సెంటీమీటర్ల మందాన సీసం అడ్డుపెట్టినా అది తగ్గలేదు. దాని దారిలో పల్చటి మైనపు పలక పెడితే మాత్రం పలకలోంచి ప్రోటాన్లు ఎగిరి వస్తున్నాయి. ఈ ప్రోటాన్ల సంగతి ముందు గమనించింది పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు. ఆ వచ్చేది గామా కిరణం, అంటే కాంతి లాంటిదే కానీ ఎంతో ఎక్కువ శక్తి ఉన్నది, అన్నారు వాళ్లు. ఆ మాట రూథర్‌ఫర్డ్ ససేమిరా నమ్మలేదు.

గామా కిరణమే అనుకుని చూద్దాం. ప్రోటాన్‌ని అంత వేగంగా తన్నాలంటే దానికి 55 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉండాలి. అదే కిరణం నైట్రోజన్‌ని తన్నిన తీరు చూస్తే 90 కావాలి. ఆర్గాన్‌కైతే 150. వచ్చే కిరణం ఒకటే, తగిలేవాణ్ని బట్టి దాని శక్తి మారడమేంటి? పైగా బెరీలియం, ఆల్ఫా కలిసి ఇవ్వగలిగింది మహా అయితే 14. జమ 14, ఖర్చు 150. ఏ కిరాణా కొట్టు చిట్టాలోనూ ఇది పొసగదు.

ఇప్పుడు గోళీలాట గుర్తుచేసుకోండి. మీ గోళీ సూటిగా వెళ్లి అంతే బరువున్న గోళీకి తగిలితే, మీది అక్కడే ఆగిపోతుంది, అవతలిది అదే వేగంతో దూసుకుపోతుంది. అదే గోళీ ఇనుప గుండుకు తగిలితే గుండు కొంచెం కదులుతుంది, గోళీ వెనక్కి ఎగురుతుంది. ఇప్పుడు మీ గోళీ కనిపించదనుకోండి. దెబ్బ తిన్న గుండు ఎంత వేగంగా కదిలిందో ఒక్కటే తెలుసు. దాన్నిబట్టి గోళీ బరువు చెప్పగలరా? చెప్పలేరు. తేలిక గోళీ జోరుగా వచ్చి ఉండొచ్చు, బరువైన గోళీ మెల్లగా వచ్చి ఉండొచ్చు. తెలియనివి రెండు, తెలిసింది ఒకటి. అందుకే రెండో దెబ్బ కావాలి. అదే గోళీ, అదే వేగంతో, వేరే బరువున్న దాన్ని కొట్టాలి. అప్పుడు వేగం లెక్కలోంచి కొట్టుకుపోయి బరువు ఒక్కటే మిగులుతుంది.

చాడ్విక్ చేసింది ఇదే. వచ్చేది గామా కాదు, ఛార్జ్ లేని కణం, అదే న్యూట్రాన్ అనుకున్నారు. ఆ కణం బరువు M, వేగం V అనుకోండి. సూటిగా తగిలితే, m బరువున్న కేంద్రకం వేగం 2MV ని M+m తో భాగిస్తే వస్తుంది. ప్రోటాన్ బరువు 1 అనుకుంటే నైట్రోజన్ బరువు 14. కాబట్టి ప్రోటాన్ వేగాన్ని నైట్రోజన్ వేగంతో భాగిస్తే, M+14 ని M+1 తో భాగించినంత. V మాయం! ప్రోటాన్ వేగం సెకనుకు 33,000 కిలోమీటర్లు. నైట్రోజన్ వేగం 4,700 కిలోమీటర్లు. ఈ నైట్రోజన్ వేగం, కణాల జాడలు చూపించే క్లౌడ్ ఛాంబర్‌లో చాడ్విక్ తోటి శాస్త్రవేత్త ఫెదర్ తీసిన కొలత. భాగిస్తే 7. అంటే M+14 = 7M+7. అంటే 6M = 7.

బల్ల మీద నోట్‌బుక్ పెట్టుకుని ఆ అమ్మాయి ఇదంతా నాతోపాటే చేసింది. 1.17 దగ్గర ఆగి, "ఒకటి రావాలి కదా సార్, తప్పు చేశానా?" అంది. చాడ్విక్‌కి కూడా 1.15 వచ్చిందని చెప్పాను. నైట్రోజన్ వేగం కొలతలో నూటికి పది దాకా తేడా ఉండొచ్చని, కాబట్టి ఈ కణం ఇంచుమించు ప్రోటాన్ బరువే ఉంటుందని ఆయనే రాశారని చెప్పాను. కాసేపు పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. తర్వాత 4,700 చెరిపేసి 4,400 వేసింది. 33,000 ని దాంతో భాగిస్తే 7.5. కింద రాసుకుంటూ పోయింది: M+14 = 7.5M+7.5. 6.5 = 6.5M.

"ఒకటి వచ్చింది సార్!" అని నోట్‌బుక్ నా వైపు తిప్పింది.