పెరటి మందలో కొత్త కోళ్లను కలపడం: అపోహలు – వాస్తవాలు

కొత్తగా తెచ్చిన కోళ్లను పాతవి పొడవకుండా ఎలా కలపాలన్నదే పెరట్లో కోళ్లు పెంచేవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. పొడుపులు కంటికి కనిపిస్తాయి కనుక ఆ ఆందోళన సహజమే. అయితే పొడుపుల వల్ల నష్టపోయేది ఒకటి రెండు కోళ్లు. కొత్త కోడితో పాటు లోపలికి వచ్చే తెగులు మాత్రం మంద మొత్తాన్ని తుడిచిపెట్టగలదు. కోళ్ల ఆరోగ్యం చూడటమే నా వృత్తి కనుక నేను ముందు తెగుళ్ల గురించి, ఆ తరువాతే పొడుపుల గురించి మాట్లాడతాను.

అపోహ: కోడి చురుగ్గా, ఆరోగ్యంగా కనిపిస్తే దానిని విడిగా ఉంచనవసరం లేదు.

వాస్తవం: కోడి జబ్బును వీలైనంత కాలం బయటపడనివ్వదు, అది ముడుచుకుని కూర్చున్నట్లు మనం గమనించేసరికి జబ్బు చాలావరకు ముదిరి ఉంటుంది. కొక్కెర తెగులు వైరస్ సోకిన కోడిలో లక్షణాలు సాధారణంగా ఐదారు రోజులకు కనిపిస్తాయి, ఒక్కోసారి 15 రోజులు కూడా పడుతుంది. శ్వాసకోశాన్ని పట్టే మైకోప్లాస్మా నుండి కోలుకున్న కోడి జీవితాంతం ఆ సూక్ష్మజీవిని మోస్తూనే ఉండవచ్చు. ప్రయాణం, చోటు మార్పు, కొత్త మందలో బెదురు వంటి ఒత్తిడి కలిగినప్పుడు అది మళ్లీ తలెత్తి పక్కనున్న కోళ్లకు పాకుతుంది. అందువల్ల కొత్త కోళ్లను 30 రోజుల పాటు పూర్తిగా వేరే చోట ఉంచాలి. అదే షెడ్డులో మధ్యకు జాలీ కట్టినంత మాత్రాన అది వేరే చోటు కాదు. గాలి, దుమ్ము, నీళ్ల గిన్నె, పార, మన చెప్పులు, వీటిలో ఏదీ రెండు గుంపుల మధ్య తిరగకూడదు. ప్రతిరోజూ పాత కోళ్ల పనులన్నీ ముగించుకున్న తరువాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి, తిరిగి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఈ నెల రోజులూ ఊరికే ఎదురుచూసే కాలం కాదు. కోడిని చేతుల్లోకి తీసుకుని, రెట్ట వేసే ద్వారం చుట్టూ ఉన్న ఈకలను విడదీసి చూడండి: పేలు ఉంటే వెలుతురు పడగానే చర్మం మీద పరుగెత్తుతాయి, ఈకల మొదళ్లలో వాటి గుడ్లు తెల్లని గుత్తులుగా అంటుకుని ఉంటాయి. పేలకు వేసే మందు వాటి గుడ్లను చంపదు కనుక వారం పది రోజులకు మళ్లీ వేయవలసిందే. కాళ్ల పొలుసులు పైకి లేచి, సున్నం పట్టినట్లు గరుకుగా ఉంటే పొలుసుల కిందకు మైట్లు అనే అతి చిన్న పురుగులు దూరాయని అర్థం. రాత్రి కోళ్లు సద్దుమణిగాక దగ్గర నిలబడి చెవి పెట్టండి. పగటి సందడిలో వినబడని గురగుర, తుమ్ము అప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి.

అపోహ: టీకాలు వేసిన కోడి వల్ల మందకు ప్రమాదం ఉండదు.

వాస్తవం: టీకా తనను వేయించుకున్న కోడిని కాపాడుతుంది, ఆ కోడి ఇతరులకు రోగం అంటించదన్న హామీ ఇవ్వదు. మారెక్స్ వ్యాధి ఇందుకు మంచి ఉదాహరణ. దాని టీకా గడ్డలు రాకుండా, కాళ్లు చచ్చుబడకుండా రక్షిస్తుంది గాని వైరస్ సోకడాన్ని ఆపలేదు. సోకిన కోడి ఈకల మొదళ్ల నుండి రాలే పొట్టులో వైరస్ ఉంటుంది, దుమ్ములో అది నెలల తరబడి నిలుస్తుంది. ప్రమాదం రెండు వైపులా ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పాత కోళ్లు తమ చోట ఉన్న సూక్ష్మజీవులకు అలవాటుపడి ఆరోగ్యంగా తిరుగుతుంటే, అవే సూక్ష్మజీవులు కొత్త కోడిని పడగొట్టవచ్చు. కలిపిన తరువాత కొత్త కోడి జబ్బుపడితే అమ్మినవారిని తప్పుపట్టే ముందు ఈ కోణం నుండి కూడా ఆలోచించడం న్యాయం.

అపోహ: రాత్రి చీకట్లో గూటిలో పెట్టేస్తే తెల్లారేసరికి పాతవి గుర్తుపట్టవు.

వాస్తవం: చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు కనుక రాత్రి గొడవ జరగదు, అంతే. వెలుతురు రాగానే, ముఖ్యంగా తల, జుట్టు ఆకారాన్ని బట్టి, కొత్త కోడి ఎవరో పాతవాటికి తెలిసిపోతుంది. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చునన్న స్థిరమైన వరుస ఉంటుందని నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త థార్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే 1920ల ఆరంభంలోనే వివరించాడు. కొత్త కోడి రాగానే ఆ వరుసను మళ్లీ తేల్చుకోవలసి వస్తుంది. దానిని ఏ రాత్రీ తప్పించలేదు.

మేలైన పద్ధతి ఇది. విడిగా ఉంచిన గడువు ముగిశాక, ఒకటి రెండు వారాల పాటు రెండు గుంపులూ ఒకదానినొకటి చూసుకునేలా, పొడుచుకోలేని విధంగా జాలీకి చెరో వైపు ఉంచి, మేత తొట్లను ఆ జాలీ దగ్గరే పెట్టాలి. పక్కపక్కనే ప్రశాంతంగా తినడం అలవాటయ్యాక, విశాలమైన ఆరుబయట కలిపి వదలాలి. మేత, నీళ్లు కనీసం రెండు చోట్ల ఉండాలి. దాక్కునే చోటు ప్రతిదానికీ రెండు వైపులా దారి ఉండాలి, లేకపోతే మూలకు చిక్కిన కోడికి అదే ఉచ్చు అవుతుంది. గూటిలో ఒక్కో కోడికి అడ్డకర్ర మీద 20 నుండి 25 సెంటీమీటర్ల చోటు అవసరం.

అపోహ: పొడవడం మొదలవగానే విడదీయాలి.

వాస్తవం: మెడ ఈకలు రిక్కించడం, కాసేపు తరమడం, తల మీద ఒకటి రెండు పొడుపులు వరుస తేలడంలో భాగం. ప్రతిసారీ విడదీస్తే ఆ తగవు ఎన్నటికీ తెగదు. రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకూడదు, ఎందుకంటే ఎర్రని గాయం మిగతా కోళ్లన్నింటినీ అక్కడికే లాగుతుంది. మితిమీరి వేధించే కోడి ఒక్కటే ఉంటే, దెబ్బలు తినేదానికి బదులు దానినే మూడు నాలుగు రోజులు వేరుచేయడం మంచిది. తిరిగి వచ్చేసరికి దాని పెత్తనం తగ్గుతుంది. కొత్త కోడికి తిండి అందుతోందో లేదో నేను రాత్రి గూటిలో చూస్తాను: మెడ కింద, రొమ్ము పైభాగాన ఉండే మేత సంచిని వేళ్లతో తడిమితే, తిన్న కోడికి అది నిండుగా, గట్టిగా తగులుతుంది. రెండు రోజులు వరుసగా ఖాళీగా ఉంటే కలపడంలో తొందరపడ్డామని తెలుసుకోవాలి.

అపోహ: ఒక్క కోడినే చేర్చితే గొడవ తక్కువ.

వాస్తవం: మంద కోపమంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది. కనీసం రెండింటిని, ముందే ఒకదానికొకటి అలవాటైనవాటిని, కలిపి చేర్చాలి.

అపోహ: ఈకలు వచ్చిన పిల్లలను పెద్దవాటితో వదలవచ్చు.

వాస్తవం: తల్లి వెంట తిరిగే పిల్లల సంగతి వేరు, తల్లి వాటిని కాపాడుకుంటుంది. తల్లి లేకుండా పెరిగినవి ఇంచుమించు పెద్ద కోళ్లంత అయ్యేవరకు, అంటే సుమారు 12 నుండి 16 వారాల వరకు, ఆగడం మేలు. గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుండి 4 శాతం వరకు ఉంటుంది. ఎదిగే పిల్లలకు అందులో మూడో వంతు కూడా అక్కరలేదు, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిపి పెంచేటప్పుడు అన్నింటికీ ఎదిగే కోళ్ల దాణానే వేసి, ఆల్చిప్పల ముక్కలను వేరే గిన్నెలో ఉంచితే సరిపోతుంది. గుడ్లు పెట్టే పెట్టలు తమకు కావలసినంత అవే ఏరుకుని తింటాయి.