ఎక్సైజ్ పద్దు కథ: అసలు మలుపు 1997

ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ చర్చకు వచ్చిన ప్రతిసారీ గొడవ ఎక్సైజ్ ఆదాయం, అంటే మద్యం మీద సర్కారుకు వచ్చే రాబడి దగ్గర రాజుకుంటుంది. మద్యం మీద సర్కారు నడుపుతున్నారని ప్రతిపక్షం అంటుంది. మీ హయాంలో ఇంతకంటే ఘోరమని అధికారపక్షం జవాబిస్తుంది. అధికారం మారితే ఎవరి మాట ఎవరు అనాలో కూడా మారిపోతుంది. గత ఐదారేళ్ల లెక్కలు ఎంత తిరగేసినా ఈ గొడవకు మూలం దొరకదు. దానికోసం 1996-97 దాకా వెళ్లాలి.

నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన మద్యనిషేధం అందరికీ తెలిసినవే. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేయాలి. నెల్లూరు జిల్లా మహిళలు సారా కొట్లు మూయించి ఊరుకోలేదు, సారా అమ్మే హక్కు కోసం సర్కారు పెట్టే వేలంపాటలే జరగనివ్వలేదు. సర్కారుకు సారా సొమ్ము చేరేది ఆ పాటల దారినే. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న కూలి ఆడవాళ్లు ఖజానా ఎక్కడ నిండుతోందో సరిగ్గా పట్టుకున్నారు. చవకగా బియ్యం ఇచ్చి, మగవాళ్ల కూలి మొత్తం సారా రూపంలో తిరిగి తీసుకుంటున్నారన్నది వాళ్ల వాదన. 1993లో సారాపై నిషేధం వచ్చిందంటే ఆ వాదన గెలిచినట్టే.

1996లో కథ అడ్డం తిరిగింది. అప్పటికి చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. రాష్ట్ర ఆర్థిక పరిస్థితిపై ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసి, డబ్బు లేదని చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. మద్యం ఆదాయం పోయింది, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వస్తోంది, జీతాలకూ సబ్సిడీలకూ కటకటగా ఉంది. కిలో బియ్యం ధర 2 రూపాయల నుంచి మూడున్నరకు పెరిగింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. సారాపై నిషేధాన్ని మాత్రం ఉంచారు. సీసాల్లో అమ్మే బ్రాండ్ల మద్యానికి తలుపులు తెరిచారు.

ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఆ తర్వాత జరిగినదంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. మద్యం అమ్మకుండా రాష్ట్రం నడవదు అన్న మాట ఆ ఏడాది సర్కారు అధికారిక వైఖరి అయింది. మహిళలు లేవనెత్తిన ప్రశ్న ఇంటి ఖర్చు గురించి. శ్వేతపత్రాలు దానికి ఖజానా లెక్కతో జవాబిచ్చాయి. ఇంట్లో పోయిన కూలి, ఆస్పత్రి ఖర్చు, బడి మానేసిన పిల్ల ఆ లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఆ లెక్క వేయలేదు.

2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక ముడి ఇంకా బిగుసుకుంది. చాలా సరుకుల మీద పన్ను రేటు సొంతంగా మార్చుకునే వీలు రాష్ట్రాలకు పోయింది. జీఎస్‌టీ బయట మిగిలిన ముఖ్యమైన వస్తువులు మద్యం, పెట్రోలు, డీజిలు. డబ్బు అవసరమైనప్పుడల్లా ఆర్థికశాఖ చూపు వీటి మీదే పడుతుంది.

దశలవారీ నిషేధం హామీతో 2019లో వచ్చిన జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం షాపులను తన చేతిలోకి తీసుకుంది, వాటి సంఖ్య తగ్గించింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. తాగుడు తగ్గించడానికే ఇదంతా అని చెప్పింది. అదే ప్రభుత్వం రాబోయే మద్యం ఆదాయాన్ని చూపించి కార్పొరేషన్ల ద్వారా అప్పులు తెచ్చింది. 2022లో మద్యం వ్యాపారం చూసే ప్రభుత్వ సంస్థ బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లతో 8,000 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. అంతకుముందే, అమ్మఒడి, ఆసరా, చేయూత పథకాలను ఆ కార్పొరేషన్ ఆదాయంతో నడిపేలా చట్టాన్ని సవరించారు. మూడూ ఆడవాళ్ల ఖాతాల్లో డబ్బు వేసే పథకాలే. నెల్లూరు మహిళలు 30 ఏళ్ల కింద దేన్ని తప్పు పట్టారో అదే చట్టంలోకి ఎక్కింది. ఇది రాస్తుంటే బాధగా ఉంది.

2024 అక్టోబరులో టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి ప్రభుత్వం 3,396 షాపులను లాటరీలో ప్రైవేటుకు ఇచ్చింది. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు. దాదాపు 90 వేల దరఖాస్తులు రావడంతో ఒక్క షాపు తెరవకముందే దాదాపు 1,800 కోట్లు వచ్చాయి. నాసిరకం పోయి మంచి సరుకు వస్తుందని, 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతుందని ప్రభుత్వం చెప్పుకుంది.

2025 ఫిబ్రవరి 28న ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్ ప్రవేశపెట్టిన బడ్జెట్ 3.22 లక్షల కోట్లది. అందులోనూ ఎక్సైజ్ రాబడికి తన పద్దు ఉంది. మద్యం వల్ల సర్కారు మీద పడే ఖర్చు మాత్రం ఒకచోట కనిపించదు. కాలేయ జబ్బుల వైద్యం ఆరోగ్యశాఖలో, వితంతు పింఛన్లు ఇంకో శాఖలో, డీఅడిక్షన్ కేంద్రాలు వేరే పద్దులో ఉంటాయి. ఆ ఖర్చులన్నీ రాబడి పక్కన ఒకే పేజీలో వేసి చూపించమని సభలో ఏ పక్షమూ అడగడం లేదు.