బస్తా ఎక్కించారు సరే, చేరిందా?

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపిక్కలను 80 కిలోల బస్తాల లెక్కన కొంటారు. అక్కడి చిన్న జీడిపప్పు పరిశ్రమ ఒకదానికి నేను కాటా లెక్కలు రాసే ప్రోగ్రాం చేసి ఇచ్చాను. సి భాషలో, కాస్త గర్వంగానే. బస్తా తూకం కాగానే దాని సంఖ్య, సమయం, రైతు ఖాతా, బరువు కలిపి సరిగ్గా 40 బైట్ల వరుస ఫైలులోకి వెళుతుంది. సాయంత్రం ఫైలు మూసి, ఎన్ని బస్తాలు భద్రపరిచిందో తెర మీద చూపిస్తుంది. ఒక రోజు 380 అని చూపించింది. మర్నాడు ఫైలు తెరిస్తే 307 మాత్రమే ఉన్నాయి. 308వ వరుసలో బస్తా సంఖ్య ఉంది, బరువు లేదు.

“భద్రమని అదే చెప్పింది కదా బాబూ” అన్నారు యజమాని. ఆయన కోప్పడినా బాగుండేది. నిజంగానే అర్థంకాక అడిగారు.

కాటా చీటీలు ఉండబట్టి లెక్క సరిపెట్టుకున్నాం. నాకు దారి చూపింది మాత్రం ఫైలు పరిమాణం: 12,288 బైట్లు. అంటే 4,096కు సరిగ్గా మూడు రెట్లు. మనిషి రాసిన లెక్క ఇంత గుండ్రంగా తెగదు. తెంపింది బఫరే.

కాశీబుగ్గ నుంచి మందసకు సర్వీసు ఆటో ఎక్కినవారికి బఫర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నిండే దాకా ఆటో కదలదు. ఒక్కరి కోసం ప్రతిసారీ వెళ్లివస్తే డీజిల్ ఖర్చుకే సరిపోతుంది. ప్రోగ్రాంకు కూడా ప్రతి వరుసకూ ఆపరేటింగ్ సిస్టమ్ తలుపు తట్టడం ఖర్చే. అందుకే సి గ్రంథాలయం, అంటే సి భాషతో పాటు వచ్చే సిద్ధ పనిముట్ల కట్ట, మన వరుసలను మెమరీలో ఒకచోట పోగుచేస్తుంది. ఆ చోటే బఫర్. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలు ఫైలుకు ఈ చోటు చాలావరకు 4,096 బైట్లు. అది నిండితేనే ఒక్క ‘రైట్’ పిలుపుతో మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు చేరుతుంది. నా 380 వరుసలకు నాలుగు ప్రయాణాలు చాలు. మూడు నిండు ఆటోలు, చివర 2,912 బైట్లతో ఒక వెలితి ఆటో.

ఆ నాలుగోది బయలుదేరేసరికి డిస్కులో చోటు లేదు. అదే కంప్యూటర్‌లో నిఘా కెమెరా దృశ్యాలు నిండిపోయి ఉన్నాయి. రాత్రి పాతవి వాటంతటవే చెరిగిపోయి మళ్లీ చోటు ఏర్పడింది కాబట్టి, తెల్లారి చూస్తే నేరం జరిగిన ఆనవాలే లేదు.

నేను అజాగ్రత్తగా రాశానా అంటే, పూర్తిగా కాదు. వరుస రాసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఏమి జవాబిచ్చిందో ప్రతిసారీ చూశాను. 380 సార్లూ సరే అంది, అబద్ధమూ చెప్పలేదు. ‘ఆటోలో ఎక్కించుకున్నాను’ అన్నది దాని మాట. ‘మందస చేరింది’ అని నేను విన్నాను. అసలు కబురు ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్ దగ్గర వచ్చింది. మిగిలింది బయటికి పంపే బాధ్యత దానిదే. అది విఫలమైందని చెబుతూ జవాబిచ్చింది. మూసేయడంలో తప్పేముంటుందిలే అని నేను ఆ జవాబు చూడనే లేదు. పైగా ఎఫ్‌క్లోజ్ విఫలమైనా ఆ ఫైలును మళ్లీ వాడకూడదు, రెండోసారి మూయకూడదు. అందుకని మూసే ముందే, బఫర్‌లో ఉన్నదంతా అప్పటికప్పుడు బయటికి పంపే ఎఫ్‌ఫ్లష్ పిలిచి దాని జవాబు చూడాలి. రస్ట్ భాషలోనూ ఈ గుంట ఉంది. అక్కడ బఫర్ పెట్టుకుని రాసే బఫ్‌రైటర్‌ను ఊరికే వదిలేస్తే మిగిలిన డేటా రాయడానికి ప్రయత్నిస్తుంది కానీ, ఆ రాతలో వచ్చిన లోపాన్ని మింగేస్తుంది.

ఇంతా చేస్తే చేరింది కెర్నల్ దాకానే. అక్కడ ఇంకో నిలవ ఉంది, పేజీ క్యాష్. లినక్స్ సహజ అమరికలో మన రాత అందులో ఓ 30 సెకన్లు పడి ఉండవచ్చు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చిన తిత్లీ తుపానును చూసినవారికి ఆ 30 సెకన్లు ఎంత పొడుగో తెలుసు. కరెంటు పోతే లోపం కబురు కూడా రాదు. ‘డిస్కు మీద పడేదాకా కదలను’ అని కూర్చోవాలంటే ఎఫ్‌సింక్ పిలవాలి.

ఎఫ్‌సింక్‌ను నమ్మినవాళ్లకు కూడా దెబ్బ తగిలింది, అదే 2018లో. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను తయారుచేసేవారు, ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ పిలిస్తే సరి అనుకుంటూ వచ్చారు. లినక్స్‌లో జరిగేది వేరు. డిస్కుకు చేరని పేజీలను, అంటే పేజీ క్యాష్‌లోని ముక్కలను కూడా కెర్నల్ ‘శుభ్రం’ అని గుర్తుపెట్టి, లోపాన్ని ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. రెండోసారి అడిగితే ‘అంతా సవ్యం’ అంటుంది. మొదటిసారి మనం సరిగా వినకపోతే అంతే సంగతులు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ సవరణ ఇందుకు మొండి మందే వేసింది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా డేటాబేస్ తనను తాను ఆపేసుకుని, ముందుగా రాసిపెట్టుకున్న చిట్టా చూసి మళ్లీ లేస్తుంది. నాకు ఆ మొండితనం నచ్చింది.

చదివే వైపు చిక్కు చిన్నదే కానీ కొంటెది. సి భాషలో ఫైలు అయిపోయినా, డిస్కు పాడై చదవలేకపోయినా ఒక్కో అక్షరం చదివే గెట్‌సీ ఇచ్చే జవాబు ఒకటే. ఎఫ్‌ఎర్రర్ అని విడిగా అడిగితే తప్ప తేడా తెలియదు. అడగకపోతే సగం ఫైలు కూడి, అదే మొత్తమని చూపిస్తుంది.

ప్రోగ్రాం తిరగరాసేటప్పుడు ఒక సంగతికి నవ్వొచ్చింది. బస్తాను మోసుకొచ్చి కాటా మీద పెట్టి దింపడానికి నిమిషం పడుతుంది. ఇక్కడ బఫర్ ఆదా చేసింది ఏమీ లేదు. నేనే అలవాటుకొద్దీ పెట్టాను. ఇప్పుడు బస్తా బస్తాకూ ఫ్లష్, ఆపై ఎఫ్‌సింక్ జరుగుతాయి. రెండింటిలో ఏది కాదన్నా ఎర్ర అక్షరాలతో తూకం ఆగిపోతుంది. కాటా దగ్గర మనుషులు విసుక్కున్నా సరే.

లినక్స్‌లో ‘/డెవ్/ఫుల్’ అని ఒక ఉత్తుత్తి పరికరం ఉంది. దానికి ఏమి రాసినా ‘చోటు లేదు’ అంటుంది. పాత ప్రోగ్రామును దాని మీదకు వదిలి చూశాను. 102 బస్తాల వరకు, అంటే 4,080 బైట్ల దాకా, ఒక్క బైటు కూడా ఎక్కడా చేరకపోయినా భద్రమనే చెప్పింది. 103వ బస్తాకు బఫర్ పొంగి మొదటిసారి నోరు విప్పింది. సీజను చివర్లో ఆ పరిశ్రమకు రోజుకు వంద బస్తాలు కూడా రావు.