మానేసిన రోజు: రాసే అలవాటు గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒకావిడ ఫోన్ చేశారు. రెండేళ్ల కిందట మా కథల వర్క్‌షాప్‌కి వచ్చినావిడే. "సార్, నా వల్ల కాదండీ. నలభై రోజులు వరసగా రాశాను. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేక వారం పోయింది. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టే ఓపిక లేదు" అన్నారు. మొదట్నుంచీ ఎందుకమ్మా అని అడిగితే, అటువైపు కాసేపు మాట లేదు.

కథలు దిద్దడం, కొత్తగా రాసేవాళ్లతో కూర్చోవడం నా పని. ఈ ఫోన్ నాకు కొత్త కాదు, గొంతులే మారుతుంటాయి. రాయడం చేతకాక ఆగిపోయినవాళ్లు నాకు తక్కువే తగిలారు. నాలుగు రోజులు మానేశామని సిగ్గుపడి ఆగిపోయినవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది. అందుకే ముందు దీని సంగతి తేల్చేద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: రోజూ రాయాల్సిందే. ఒక్కరోజు తప్పినా అలవాటు పోయినట్టే.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దాన్ని మోసుకు తిరిగేది మాత్రం ఫోన్‌లోని యాప్‌లు. వరసగా ఎన్ని రోజులు చేశావో లెక్కపెడతాయి, ఒకరోజు తప్పగానే సున్నా చూపిస్తాయి. ఆ సున్నా యాప్‌ది. మీ నలభై రోజుల పేజీలు డ్రాయర్లో అలాగే ఉన్నాయి.

అలవాటు ఎలా పడుతుందో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో చేయాలి: మంచినీళ్లు తాగడం, పండు తినడం, కాస్త పరుగెత్తడం లాంటివి. ఆలోచించకుండానే ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి కొందరికి 18 రోజులు పడితే, కొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా కట్టారు. అందరి లెక్కలూ వరసగా పెడితే సరిగ్గా నడిమిన పడేది 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పినవాళ్లకి పెద్ద తేడా ఏమీ రాలేదు. ఇది 2010లో అచ్చయిన సంగతి. అయినా ఇప్పటికీ '21 రోజుల్లో అలవాటు' అనేవాళ్లే ఎక్కువ. ఆ 21 ఎక్కడిదంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో తన పుస్తకంలో రాసుకున్న గమనిక. ఆపరేషన్ అయినవాళ్లు తమ కొత్త మొహానికి అలవాటుపడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందన్నాడు. మీ కథకీ వాళ్ల ముక్కుకీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాదు.

లాలీ పరిశీలన కూడా రాయడం మీద జరిగింది కాదు, ఆ మాట చెప్పాలి. గ్లాసుడు నీళ్లు తాగడానికీ ఒక సన్నివేశం రాయడానికీ చాలా దూరం. 66 దాటాక కూడా కుర్చీలో కూర్చోవడమే అలవాటవుతుంది, వాక్యం మాత్రం ప్రతిసారీ కొత్తగానే సతాయిస్తుంది.

క్రమశిక్షణ అనగానే అందరూ ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పేరు ఎత్తుతారు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే 5:30కి బల్ల ముందు కూర్చుని, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాసిన మనిషి. ఈ సంగతంతా ఆయన చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో ఉంది. జనం వదిలేసే ముక్క ఒకటి అదే పుస్తకంలో ఉంది: ఆయన లక్ష్యం పెట్టుకున్నది వారానికి. మామూలుగా వారానికి ఓ 40 పేజీలు. ఒక్కోసారి 20కి పడిపోయేది, ఒకసారి 112కి ఎక్కింది. రోజుకెన్ని పేజీలో డైరీలో వేసుకునేవాడు. ఒకటి రెండు రోజులు బద్ధకించినా ఆ ఖాళీ డైరీలో కనిపించేది, వెనకబడ్డది తర్వాత పూడ్చుకునేవాడు. ఆయనంతటి గడియారం మనిషికే వారం లెక్క సరిపోయింది. ఉద్యోగం, పిల్లలు, పెద్దవాళ్లు అన్నీ నెత్తినున్న మనకి రోజు లెక్క ఎందుకండీ?

ఒక కుర్రాడి పుస్తకాల గురించి చెప్పాలి. వర్క్‌షాప్‌కి ఆరు నోట్‌బుక్కులు పట్టుకొచ్చాడు. ప్రతిదాంట్లో మొదటి పేజీ పైన తేదీ, దాని కింద ఎర్ర సిరాతో 'మొదటి రోజు', కింద రెండు గీతలు. మూడు నాలుగు పేజీలు ముత్యాల్లాంటి దస్తూరి. తర్వాత అక్షరాలు పక్కకి వాలతాయి, కొట్టివేతలు మొదలవుతాయి. ఆరో పేజీకో ఏడో పేజీకో తెల్లకాగితం. మళ్లీ కొత్త పుస్తకం, మళ్లీ 'మొదటి రోజు'. ఆరింటిలోనూ అదే కథ, అదే మొదటి పేరా. ఆరోసారికి ఆ పేరా నిగనిగలాడుతోంది గానీ కథ గుమ్మం దాటలేదు.

మూడో పుస్తకం ఆరో పేజీలో, ఆ వాలు దస్తూరిలో ఒక సంభాషణ ఉంది. తండ్రి ఏడని పిల్లాడు అడిగితే, తల్లి వాడి మొహం చూడకుండా ఏదో పనిమీద వెళ్లాడని అబద్ధం చెప్తుంది. ఆరు పుస్తకాల్లో ప్రాణమున్న చోటు అదొక్కటే. దాని కిందనే మొదలుపెట్టమన్నాను. "అది పాతది కదండీ, నేను వదిలేసింది" అన్నాడు, కాస్త కోపంగానే. వాదించలేదు, పెన్ను ఇచ్చాను. ఇప్పుడా పేజీలో పైన నీలం సిరా, కింద నలుపు. రెండింటి మధ్య పద్నాలుగు నెలలు. టైపు చేసి మిగతావాళ్లకి ఇచ్చాం, ఆ అతుకు ఎక్కడుందో ఒక్కరూ చెప్పలేకపోయారు.

కాబట్టి విరామం తర్వాత తిరిగొచ్చేటప్పుడు కొత్త పుస్తకం కొనకండి. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రాకండి, దిద్దడంలో పడిపోతారు, ఆ పూట అక్కడే అయిపోతుంది. చివరి పేజీ ఒక్కటే చదవండి. ఐదు లైన్లు రాయండి, ఎంత నాసిగా ఉన్నా సరే. వారానికి నాలుగు పూటలు అనుకోండి, ఏ నాలుగో ముందే శిలాశాసనం వేయక్కర్లేదు. కాకపోతే ఒక సందర్భానికి ముడిపెట్టండి: పిల్లలు పడుకున్నాక, లేదా ఆఫీసుకి బయల్దేరే ముందు. ఇంకొకటి, లేచేముందు తర్వాత ఏం జరగబోతోందో ఒక ముక్క రాసిపెట్టుకోండి.

ఈ చివరిది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకప్పుడు ఎనిమిది నెలలు ఒక్క అక్షరం రాయలేదు. ఊళ్లో అందరికీ రోజూ రాయమని చెప్తూనే! తర్వాత ఫైల్ తెరిస్తే చివరి లైన్ ఇలా ఉంది: 'అన్నయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఎందుకంటే'. అంతే. ఎందుకు రాలేదో నాకు గుర్తు లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి ఆ 'ఎందుకంటే' కొట్టేశాను. అన్నయ్య ఎందుకు రాలేదో కథలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. కథకి అదే నప్పింది. ప్రతిసారీ ఇలా కలిసిరాదు గనక ఇప్పుడు ముక్క రాసిపెట్టుకుంటున్నాను.

మిగతా అపోహలు గబగబా.

అపోహ: మూడ్ వస్తేనే రాయాలి. మూడ్ సాధారణంగా మూడో పేరాకి వస్తుంది. మొదటి రెండూ అది లేకుండానే రాయాలి. దీనికి జర్మన్‌లో కథలు రాసిన కాఫ్కాని అడ్డం పెట్టుకునేవాళ్లున్నారు, 1912 సెప్టెంబర్ 22 రాత్రి కూర్చుని తెల్లవారేసరికి ఒక కథ పూర్తిచేశాడు కదా అని. చేశాడు. అదే ఏడాది జూన్ డైరీలో ఏమీ రాయలేదని వరసగా రాసుకున్నదీ ఆయనే.

అపోహ: పెద్ద రచయితలకి ఒకేసారి కుదురుతుంది. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. ఈరోజు మనం చదివేది 1909 నాటిది, ఆయన తిరగరాసి బాగా పెంచింది. ఇక మీరు నిన్న రాసిన డ్రాఫ్ట్ గురించి ఏడవకండి.

అపోహ: ఎక్కువ చదివితే సొంత గొంతు పోతుంది. పోదు. ఒక్కరినే చదివితే మాత్రం కొన్నాళ్లు వాళ్ల గొంతు పట్టుకుంటుంది. ఇంకో నలుగురిని చదివితే వదులుతుంది.

అపోహ: రాసిన రోజే ఎవరికైనా చూపించాలి. వద్దు. పచ్చిగా ఉన్నప్పుడు పొగిడినా చెడుతుంది, తిట్టినా చెడుతుంది. మొదట్లో చెప్పిన ఆవిడ నిన్న ఏడు లైన్లు రాసి ఫోటో తీసి పంపారు. తెరవలేదు. రెండు వారాలాగి, అప్పటికీ చూపించాలనిపిస్తే పంపమన్నాను.