చంటిపిల్లల ఉమ్మిలో న్యూమోకోకస్‌ను వెదకడం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

చెల్లాయి టీకా కార్డులో పీసీవీ అని ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు రాసి ఉండటం చూసి అది దేనికని అడిగారు. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021 నాటికి అంతటికీ వచ్చిన ఈ టీకా న్యూమోకోకస్ అనే బ్యాక్టీరియా నుంచి పిల్లలను కాపాడుతుంది. ఊళ్లలో నెమ్ము చేసిందని చెప్పుకునే న్యుమోనియాకూ, మెదడు పొరల వాపుకూ, చెవిలో చీముకూ ఇది ఒక ముఖ్య కారణం. అయితే దీని అసలు నివాసం హాయిగా ఆడుకుంటున్న పసిపిల్లల ముక్కు వెనక భాగమే. అరుగు మీద కూర్చున్న బాటసారిలా సాధారణంగా ఏ హానీ చేయకుండా కొన్ని వారాలు ఉండి వెళ్లిపోతుంది; ఎప్పుడో అరుదుగా మాత్రం లోపలికి చొరబడి ఊపిరితిత్తులకో రక్తానికో చేరుతుంది. ఆ పిల్లలు తుమ్మినా దగ్గినా ఇంట్లోని నాలాంటి ముసలివాళ్లకూ అంటుతుంది కనుక, ఎంతమంది పిల్లలు దీన్ని మోస్తున్నారో, అందులో ఏ రకాలు ఉన్నాయో తెలుసుకోవడం టీకా పనితీరును అంచనా వేయడానికి అవసరం.

అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పద్ధతి, మొనకు మెత్తని కుచ్చు ఉన్న సన్నని పుల్లను ముక్కు రంధ్రంలోంచి గొంతు పైభాగం దాకా పంపి తీయడం. క్షణాల్లో అయిపోయే పనే గానీ, తల్లి ఒడిలోని బిడ్డ తల పక్కకు తిప్పేసి, ఏడ్చి, నర్సు చెయ్యి నెట్టేస్తుంది. రెండోసారి రమ్మంటే ఏ తల్లి మాత్రం వస్తుంది?

చిత్రమేమిటంటే, ఈ బ్యాక్టీరియా మొదట దొరికిందే లాలాజలంలో. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ రేబిస్‌తో చనిపోయిన ఒక బాలుడి లాలాజలాన్నీ, అమెరికాలో జార్జి స్టెర్న్‌బర్గ్ అనే సైనిక వైద్యుడు తన ఉమ్మినే కుందేళ్లకు ఎక్కించి, ఒకరి పని మరొకరికి తెలియకుండానే దీన్ని గుర్తించి, 1881లో ప్రకటించారు. తరువాత లాలాజలం వెనకబడటానికి కారణం లేకపోలేదు: నోట్లో ఉండే లెక్కలేనన్ని సూక్ష్మజీవులు, ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద గుంపుగా పెరిగితే, ఆ గుంపులో న్యూమోకోకస్ కంటికి ఆనదు.

జన్యు పరీక్షలు వచ్చాక కథ మారింది. రక్తం కలిపిన అగార్ (బ్యాక్టీరియా పెరగడానికి వాడే జెల్లీ లాంటి పదార్థం) ప్లేటులో జెంటామైసిన్ అనే మందు చేర్చి, చాలా రకాల బ్యాక్టీరియాను అణచి, దాని మీద లాలాజలం పరిచి ఒక రాత్రి పెంచుతారు. పెరిగినదంతా గీకి తీసి, అందులోని డీఎన్‌ఏలో లైట్‌-ఏ, పియా-బి అనే జన్యువుల కోసం, డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు చేసి చూపే పరీక్ష అయిన పీసీఆర్‌తో వెదుకుతారు. ఒక్క జన్యువు చాలదా అంటే చాలదు, ఎందుకంటే నోట్లో ఉండే దీని దగ్గరి బంధువుల్లో కొన్నింటికి లైట్‌-ఏను పోలినవి ఉంటాయి. రెండూ దొరికితేనే న్యూమోకోకస్ ఉందని అనడం నాకు సబబనిపిస్తుంది.

నమూనా తీయడం మాత్రం సులువు. ఉమ్మమంటే ఉమ్మే వయసు పిల్లలు సీసాలో ఉమ్ముతారు, చంటిపిల్లలైతే చిన్న స్పాంజి పుల్లను బుగ్గలో ఉంచి చొంగ పీల్పిస్తారు. మరీ పసిగుడ్డుల్లో చొంగ తక్కువ కనుక అక్కడ ముక్కు నమూనానే నయమని నా అభిప్రాయం. పరీక్షలో ఉందని తేలినంత మాత్రాన, ఆరోగ్యంగా ఉన్న పిల్లకు మందు వేయాల్సిన పని లేదు.

ఇక చిక్కంతా రకాల దగ్గరే. న్యూమోకోకస్‌లో వందకు పైగా రకాలున్నాయి, టీకా కాపాడేది వాటిలో కొన్నింటి నుంచే. ఆ రకాన్ని నిర్ణయించే పైపొర జన్యువుల వంటివే నోటిలోని బంధువుల్లో కూడా కనిపిస్తాయి కాబట్టి, లాలాజలంలో ఒక రకం ఉందని పీసీఆర్ చెప్పినా వెంటనే నమ్మడానికి లేదు. అందుకే గీకిన దానిలో కొంత భాగాన్ని గడ్డకట్టించి దాచి ఉంచి, అనుమానం వచ్చినప్పుడు మళ్లీ ప్లేటు మీద పెంచి, బ్యాక్టీరియాను విడిగా పట్టుకుని రకాన్ని తేల్చుకుంటారు.

ఇట్లు,
మీ తాతయ్య