క్రీట్ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

గ్రీస్ ట్రిప్ ప్లాన్ చేసి పెట్టమని నా దగ్గరికి వచ్చే వాళ్ళలో చాలామంది ముందే ఒక కాగితం రాసుకొచ్చేస్తారు. ఏథెన్స్ రెండు రోజులు, శాంటోరిని రెండు రోజులు, క్రీట్ ఒక రోజు. ఆ చివరి లైను సంగతి తేలాకే మిగతావి మాట్లాడదాం అంటాను. డబ్బు, సెలవులు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

అపోహ: దీవే కదా, ఒక్క రోజులో చుట్టేయొచ్చు. ఒకచోట హోటల్ తీసుకుంటే చాలు.

వాస్తవం: క్రీట్ మధ్యధరా సముద్రంలో ఐదో పెద్ద దీవి. పడమటి కొస నుంచి తూర్పు కొసకు దాదాపు 260 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడకు ఉన్నంత. మధ్యలో 2,400 మీటర్లు దాటిన కొండలు. ఉత్తర తీరం వెంట వెళ్ళే రోడ్డే ప్రధాన దారి, అది కూడా చాలాచోట్ల అటొక లేను, ఇటొక లేను. ఆ తీరం మధ్యలో ఉన్న హెరాక్లియన్ నగరం నుంచి పడమటి వైపున్న హానియాకు 140 కిలోమీటర్లే అయినా రెండున్నర గంటలు వేసుకోవాలి. దక్షిణ తీరానికి వెళ్ళాలంటే కొండెక్కి దిగాల్సిందే. మ్యాప్‌లో 40 కిలోమీటర్లు కనిపించిందని అరగంటలో వెళ్ళిపోతాం అనుకోకండి.

జర్మనీలో ఉద్యోగం చేసే ఒకబ్బాయి గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను క్రీట్ తీసుకెళ్ళాడు. హెరాక్లియన్‌లో హోటల్, మర్నాడు పడమటి చివర ఉన్న ఎలాఫోనిసి బీచ్, రాత్రికి ఏథెన్స్ ఫ్లైట్. అన్నీ తనే బుక్ చేసుకున్నాడు. హెరాక్లియన్ నుంచి ఎలాఫోనిసికి ఒకవైపే మూడున్నర గంటలు. దారిలో టోపోలియా దగ్గర కొండను తొలిచిన సన్నటి సొరంగం ఉంది. అందులో ఒకసారికి ఒకవైపు బళ్ళే పోగలవు, అందుకే సిగ్నల్ పెట్టారు. ఆగస్టు ఎండలో ఆ సిగ్నల్ ముందు బారులో ఇరుక్కుని నాకు ఫోన్ చేశాడు. "అక్కా, ఇప్పుడు వెనక్కి తిరిగితే ఫ్లైట్ అందుతుందా?" అమ్మగారికి మలుపులకు వాంతులవుతున్నాయి. ఇంకేం ఆలోచించకుండా వెనక్కి తిప్పమన్నాను. ఫ్లైట్ అందింది, బీచ్ చూడలేదు. పాపం, అతన్ని ఏమంటాం? పడమటి చివర ఉన్న బాలోస్ బీచ్‌నీ, తూర్పున ఉన్న స్పినలొంగా కోట దీవినీ పక్కపక్క వీధుల్లా ఒకే వీడియోలో చూపించేవాళ్ళ మీదే నా కోపమంతా.

కనీసం ఐదు రాత్రులు పెట్టుకోండి. మూడు హానియాలో, రెండు హెరాక్లియన్‌లో. హానియాలో దిగి, తిరుగు ఫ్లైట్ హెరాక్లియన్‌లో ఎక్కితే ఒక పూట కలిసొస్తుంది. కారును ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో అప్పగిస్తే అదనపు చార్జీ ఎంతో ముందే అడగండి. రెండు రాత్రులకు మించి వీలు కాదంటే పడమటి వైపు బీచ్‌లు మర్చిపోండి, హెరాక్లియన్‌లోనే ఉండండి. నోసోస్ రాజభవనం అక్కడికి 5 కిలోమీటర్లే. తలుపులు తీసే వేళకు వెళ్ళండి, నీడ తక్కువ. అక్కడ కనిపించే ఎర్ర స్తంభాలు చాలావరకు 1900 నుంచి తవ్వకాలు జరిపిన ఆర్థర్ ఎవాన్స్ కట్టించినవి. అసలు కుడ్యచిత్రాలు ఊళ్ళోని పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. రెండూ చూస్తేనే ఆ భవనం కట్టిన ప్రాచీన మినోవన్ల కథ అర్థమవుతుంది.

అపోహ: శాంటోరిని నుంచి ఫెర్రీలో రెండు గంటలే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి గాలి లేస్తుంది. గాలి హద్దు దాటితే హైస్పీడ్ పడవలు ఆపేస్తారు. ఇంటికి వచ్చే ఫ్లైట్ ఉన్న రోజున ఫెర్రీ పెట్టుకోకండి. మధ్యలో ఒక రాత్రి వదలండి.

అపోహ: మన లైసెన్స్ ఇంగ్లిష్‌లోనే ఉంది కదా, కారు ఇచ్చేస్తారు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఇక్కడి ఆర్టీఏ నుంచి బయల్దేరకముందే తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేయాలి. 'ఫుల్ ఇన్సూరెన్స్' అన్న మాట విని ధీమాగా ఉండకండి. మట్టిరోడ్డు మీద టైర్లకు, బండి అడుగు భాగానికి తగిలిన దెబ్బలు చాలాసార్లు అందులో ఉండవు. బాలోస్ దారిలో చివరి కిలోమీటర్లన్నీ గతుకుల మట్టిరోడ్డే. కిస్సామోస్ రేవు నుంచి పడవ వెళ్తుంది, పెద్దవాళ్ళుంటే అదే నయం.

అపోహ: సమరియా లోయ అంతా దిగుడే, అమ్మానాన్నలు కూడా నడిచేస్తారు.

16 కిలోమీటర్ల రాళ్ళదారి, ఆ దిగుడే మోకాళ్ళను తినేస్తుంది. చివర వచ్చే అగియా రూమెలి ఊరికి రోడ్డే లేదు. సాయంత్రం చివరి పడవ తప్పితే రాత్రికి అక్కడే. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళను దయచేసి తీసుకెళ్ళకండి.

గ్రీస్, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి పనిచేసే షెంగెన్ వీసా గురించి ఒక్క మాట. "గ్రీస్‌కి ఈజీగా వస్తుందట, అక్కడ వేసి ఇటలీ తిరుగుదాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఎక్కువ రోజులుండే దేశానికే అప్లై చేయాలి.

ఇక అమ్మల టెన్షన్ అంతా తిండి దగ్గరే. శాకాహారులం, అక్కడ ఏం తింటామని ఆరాటపడతారు. నిజానికి క్రీట్ మనకు అనుకూలమైన చోటు. బార్లీ రొట్టె మీద టమాటా తురుము, చీజ్ వేసే డాకోస్, నిమ్మరసం పిండిన ఆకుకూర హోర్తా, వంకాయ, బంగాళాదుంప కలిపి ఓవెన్‌లో చేసే బ్రియామ్ చాలా హోటళ్ళలో దొరుకుతాయి. టమాటాల్లో, క్యాప్సికంలో అన్నం కూరి చేసే గెమిస్తాలో మాంసం ఉందేమో అడిగి తీసుకోండి. పచ్చళ్ళు, పొడులు నూనె కారకుండా కట్టి చెకిన్ లగేజీలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.