నెల సరుకుల చీటీలో నడుము చుట్టుకొలత

బరువు తగ్గాలని తినే ప్రతిదానికీ కేలరీలు లెక్కపెడుతున్నాం అనుకోండి. గుత్తివంకాయ కూర ఒక గరిటె వడ్డించుకున్నాం. అందులో ఎన్ని కేలరీలు? కాయ చిన్నదో పెద్దదో, మసాలాలో వేరుశనగలు ఎన్నో, గిన్నె పైనుంచి తీసిన గరిటెకు ఎంత నూనె వచ్చిందో, అడుగునుంచి తీసిన గరిటెకు ఎంతో ఎవరికీ తెలియదు. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాడు నూనె అటూ ఇటూ అయితే లెక్క 120 కేలరీలు తప్పుతుంది. ఒకే గిన్నెలో వండి నలుగురూ పంచుకునే ఇంట్లో, ఫోన్‌లోని యాప్ చూపించే అంకె ఊహే తప్ప కొలత కాదు. పొట్లం మీద అచ్చేసిన అంకె కూడా ప్రతిసారీ నిజం కాదు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకు బాదంపప్పు తినిపించి, ఒంటికి నిజంగా పట్టిన శక్తిని కొలిచారు. పాత లెక్క చెప్పినదానికంటే దాదాపు నాలుగోవంతు తక్కువ వచ్చింది. గింజ గోడలు పూర్తిగా పగలకపోవడంతో లోపలి నూనె కొంత అరగకుండానే బయటికి పోతుంది.

లెక్కకు ఇంకో పెద్ద అడ్డంకి ఆకలి. బరువు కిలో తగ్గితే ఆకలి రోజుకు సుమారు 100 కేలరీలంత పెరుగుతుందని 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు అంచనా కట్టారు. అయిదు కిలోలు తగ్గిన మనిషి రోజూ 500 కేలరీల అదనపు ఆకలితో పోరాడుతున్నాడన్నమాట. నోటు పుస్తకంలో అంకెలు రాసుకుంటూ ఆ పోరాటాన్ని ఏళ్ల తరబడి సాగించడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే లెక్కను కంచం దగ్గరనుంచి వంటింట్లోకి, అక్కడినుంచి నెల మొదట్లో రాసే సరుకుల చీటీలోకి మార్చుకోవాలి. అక్కడ కొలవడం తేలిక. ఆకలిని అణచాల్సిన పనీ తగ్గుతుంది.

తినేది మారితే చాలు, లెక్కపెట్టకుండానే తిండి తగ్గుతుందని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది. అదే సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంచింది. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన పొట్లాల తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి. ముందు పెట్టిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానం. కడుపు నిండేంత తినమన్నారు, అంతే. పొట్లాల తిండి తిన్నప్పుడు ఒక్కొక్కరు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. వండిన తిండికి మారినప్పుడు దాదాపు అంతే తగ్గారు. 2019లో వెలువడిన ఈ ఫలితంలో గమనించాల్సింది వేగం. మెత్తగా, పొడిగా, చిన్న ముద్దలో ఎక్కువ శక్తి ఉండే తిండి గబగబా దిగిపోతుంది. పేగుల నుంచి బయలుదేరే 'ఇక చాలు' అనే హార్మోన్లు మెదడుకు చేరి పనిచేయడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పటికే కంచం ఖాళీ.

నీళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ 1999లో 24 మంది స్త్రీలకు భోజనానికి ముందు కోడిమాంసం, అన్నం కలిపి వండిన వంటకం పెట్టారు. ఒకరోజు వంటకం ఒక్కటే, ఒకరోజు పక్కన గ్లాసుడు నీళ్లు, ఒకరోజు ఆ నీళ్లనే కలిపి కాచి సూపుగా. నీళ్లు పక్కన తాగితే తేడా ఏమీ లేదు. సూపు తాగిన రోజు మాత్రం తర్వాతి భోజనంలో సుమారు 100 కేలరీలు తక్కువ తిన్నారు. నీరు తిండిలో కలిసిపోయి ఉంటే కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇలాంటి వంటలు మనకు కొత్తవి కావు. ముక్కల పులుసు, పప్పుచారు, మజ్జిగపులుసు, సొరకాయ కూర అన్నీ నీరు కలిసిన తిండే. పప్పుకట్టు వేసి కాచిన చారు ఒక గ్లాసుడు అన్నానికి ముందే తాగడం మంచి అలవాటు. పండ్ల రసానికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. నమిలే పని పోయి, పీచు వడకట్టులో మిగిలిపోతుంది కాబట్టి మూడు బత్తాయిల చక్కెర ఒక్క నిమిషంలో దిగిపోతుంది.

ఇప్పుడు చీటీ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27 గ్రాములు. కూర్చుని పనిచేసేవాళ్లకు, పొట్టిగా ఉన్నవాళ్లకు ఇంకా కొంత తక్కువే చాలు. దీన్ని నలుగురున్న ఇంటికి, ముప్ఫై రోజులకు గుణిస్తే ధాన్యాలన్నీ కలిపి 30 కిలోలు, పప్పులూ వాటికి బదులుగా తినేవీ కలిపి 10 కిలోలు, నూనె సుమారు మూడున్నర లీటర్లు. కూరగాయలు వారానికి 11 కిలోలు. పోయిన నెల కిరాణా బిల్లు తీసి ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. చాలా ఇళ్లలో బియ్యం, నూనె దాటిపోయి, పప్పు, కూరగాయలు సగానికి ఆగిపోయి ఉంటాయి. బరువు మూలం అక్కడే కనిపిస్తుంది.

నూనెతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే తక్కువ కష్టంతో ఎక్కువ తగ్గేది అదే. ఆ మూడున్నర లీటర్లలో నెయ్యి, వెన్న, బయట తిన్న బజ్జీలు, ఆవకాయ జాడీలో తేలే నూనె అన్నీ కలిశాయి. కాబట్టి చీటీలో మూడు లీటర్లు రాసుకోండి. ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద పెన్నుతో తేదీ వేయండి. నలుగురికి లీటరు పది రోజులు రావాలి. ఆరు రోజులకే అయిపోతే తినేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు, పోసే పద్ధతి చూడాలి.

డబ్బాతో నేరుగా మూకుట్లోకి వంచడం మొదటి తప్పు. పోపుకు వెడల్పాటి మూకుడు వాడడం రెండోది. ఆవాలు చిటపటలాడాలంటే నూనెలో మునగాలి. వెడల్పు గిన్నెలో అవి మునగడానికి మూడు చెంచాలు కావాలి, చిన్న పోపు గరిటెలో ఒక టీస్పూను చాలు. నలుగురి పప్పుకు ఆ అయిదు మిల్లీలీటర్లతో కమ్మటి పోపు వస్తుంది.

వేపుళ్ల దగ్గర కొంచెం శాస్త్రం తెలిస్తే నూనె సగానికి సగం తగ్గుతుంది. దొండకాయలో తొంభై శాతానికి పైగా నీరే. ఆ నీరు పోయేదాకా ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగాలంటే 140 దాటాలి. అంటే మొదట్లో పోసిన నూనె చాలాసేపు చేసే పనేమీ లేదు. అరకిలో దొండకాయలు సన్నగా చీల్చి, ఉప్పు, రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత మూత తీసి, తడి ఆరేదాకా కలిపి, అప్పుడు రెండు పెద్ద చెంచాల నూనె వేసి మంట పెంచండి. ఆరేడు నిమిషాల్లో అంచులు ఎర్రబడతాయి. తడి ఆరకముందే నూనె వేస్తే చిట్లుతుంది, ముక్క మెత్తగానే ఉండిపోతుంది. వంకాయ స్పంజిలాంటిది. లోపలి గాలి గదులు నూనె పీల్చేస్తాయి. ముందు ఆవిరి మీద అయిదు నిమిషాలు ఉంచితే ఆ గదులు కూలిపోతాయి, ఆ తర్వాత నూనె అంతగా లాగదు. బెండకాయకు మాత్రం మూత పెట్టకూడదు, జిగురు తేలుతుంది. కడిగి, బట్టతో తుడిచి, ఆరాక కోసి, మూత లేకుండానే వేయించాలి.

పూరీలు, గారెలు చేసిన రోజున ఒక పని చేయండి. మూకుట్లో పోసేముందు నూనె కొలవండి, చల్లారాక మిగిలింది కొలవండి. తేడా ఎంతో అదే ఇంటిల్లిపాదీ తిన్న నూనె. నూనె సరిగ్గా కాగకముందే వేస్తే ఆ తేడా ఎంత పెరుగుతుందో కూడా కళ్లారా కనిపిస్తుంది.

చక్కెర లెక్క చిన్నది. మనిషికి రోజుకు 25 గ్రాములు దాటకూడదనుకుంటే నలుగురికి నెలకు మూడు కిలోలు. స్వీట్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు దానిలోనివే గనుక ఇంటికి కొనేది కిలోన్నర చాలు. రెండు చెంచాల చక్కెరతో మూడు టీలు తాగితేనే 30 గ్రాములు. రెండు వారాలకోసారి అరచెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానేసినవాళ్లు సాధారణంగా మళ్లీ మొదలుపెడతారు. బెల్లం, తేనె ఈ లెక్కలో చక్కెరకు అన్నదమ్ములే. రాగిజావలో గుప్పెడు బెల్లం వేస్తే అది పానకమే.

ఇక అన్నం. మన భోజనం తీరులోనే ఒక చిక్కుంది. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసు లేదా చారుతో ఒకసారి, పెరుగుతో చివరిసారి. ప్రతి వంతుకూ విడిగా అన్నం కావాలి. ఆకలి రెండో వంతుకే తీరినా పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టు ఉండదు. ఈ క్రమాన్ని మానక్కర్లేదు. బియ్యం కొలిచి వండితే చాలు. 250 మిల్లీలీటర్ల గ్లాసుతో కొలిస్తే బియ్యం సుమారు 200 గ్రాములు ఉంటాయి. మధ్యాహ్నం ఇద్దరికి ఆ ఒక్క గ్లాసు. వండితే మూడింతలవుతుంది కాబట్టి ఒక్కొక్కరికి 300 గ్రాముల అన్నం వస్తుంది. దాన్ని మొదట్లోనే కంచంలో నాలుగు భాగాలుగా పెట్టుకుని, పప్పూ కూరా అన్నంతో సమానంగా వడ్డించుకోవాలి. ముందుగా ఒక కప్పు కూర ఉత్తగా తినేస్తే ఇంకా మేలు. న్యూయార్క్‌లో అల్పనా శుక్లా బృందం 2015లో 11 మంది మధుమేహులపై చూసినప్పుడు, కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టె తర్వాత తింటే గంట తర్వాతి రక్తంలో చక్కెర 37 శాతం దాకా తక్కువగా ఉంది.

మిగిలిన అన్నం పారేయలేక చివరికి తల్లులే తినేస్తుంటారు. కొలిచి వండినా మిగిలితే మజ్జిగ పోసి ఉంచండి, పొద్దున ఉల్లిపాయతో చద్దన్నం అవుతుంది.

రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతామన్న నమ్మకంలో సగమే నిజం. గోధుమ, బియ్యం, జొన్న, కొర్ర, ఏది తీసుకున్నా పొడి గింజగా వంద గ్రాములకు శక్తి దాదాపు సమానం. చపాతీని లెక్కపెట్టగలం, కూరతో తింటాం, నమలాలి, అందువల్లే మేలు. నూనె రాసి కాల్చిన నాలుగు చపాతీలు తింటే ఆ మేలు పోయినట్టే. నూనె చుక్క లేని జొన్నరొట్టె నిజంగా మంచి మార్గం.

పప్పు విషయంలో మాత్రం పెంచడమే పని. ఆకలిని ఎక్కువసేపు ఆపేవి మాంసకృత్తులు, పీచు. పప్పుధాన్యాల్లో రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు, నీళ్లపప్పుగా కాక ఆకుకూర దండిగా వేసిన గట్టిపప్పు. పొట్టు తీయని పెసలతో పెసరట్టు. ఇడ్లీకి ఒక వంతు మినపప్పుకు రెండు వంతుల రవ్వ దాటకూడదు. సాయంత్రం పకోడీ వేళకు శనగ గుగ్గిళ్లో, ఉలవ గుగ్గిళ్లో సిద్ధంగా ఉండాలి. ఆకలేశాక నానబెట్టడం కుదరదు కనుక రాత్రే నానేయాలి.

నిద్ర కూడా కంచాన్ని శాసిస్తుంది. షికాగోలో 2022లో, ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే 80 మందిలో కొందరికి నిద్రను సుమారు 1.2 గంటలు పెంచితే, వారు రోజుకు 270 కేలరీలు తక్కువ తిన్నారు. తిండి గురించి వారికి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

కొలవాల్సింది మాత్రం కొలవాలి, ముఖ్యంగా నడుము. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఫొటో ప్రచురించారు. ఎత్తు, బరువుల నిష్పత్తి (బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఒకరికి 21 శాతం, ఇంకొకరికి 9 శాతం. ఎక్కువున్నది మన యాజ్ఞిక్‌కే. అందుకే భారతీయులకు ఆ నిష్పత్తి 23 దాటకూడదంటారు. 160 సెంటీమీటర్ల ఎత్తుకు అది 59 కిలోలు. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లలోపు ఉండాలి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, దర్జీ టేపుతో కొలవండి. బొడ్డు కింద కట్టుకునే బెల్టు సైజు దీనికి పనికిరాదు, పొట్ట దాని మీదుగా జారిపోతుంది.

బరువు వారానికోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు చూస్తే చాలు. ముందురోజు ఊరగాయ ఎక్కువ తింటే ఉప్పు పట్టి ఉంచిన నీటితోనే కిలో పెరిగినట్టు చూపిస్తుంది. నాలుగు వారాల సగటు పెరిగితేనే చీటీ తిరగేయాలి, అందులోనూ ముందు నూనె తేదీలే చూడాలి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, చక్కెర తగ్గించే కొన్ని మాత్రలు వేసుకునేవాళ్లు అన్నం కొలత తగ్గించేముందు డాక్టర్‌కు చెప్పి మందు మోతాదు సరిచూపించుకోవాలి, లేకపోతే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. చీటీ మారకుండానే రెండు మూడు నెలల్లో అయిదారు కిలోలు పెరిగినా, తగ్గినా థైరాయిడ్, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించుకోవాలి.